మూడు మైళ్ల సముద్రం ఎవరిది?

విశాఖ రేవు చరిత్ర 1933లో మొదలైందని రాసేవాళ్లను ఒకసారి పాత ఊళ్లోని కోటవీధి దాకా నడిపించాలి. ఆ ఏడాది అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ హార్బరులో అడుగుపెట్టిన మాట నిజమే. అంతకుముందు పెద్ద ఓడలు డాల్ఫిన్ నోస్ కొండ ముందు బయటి సముద్రంలోనే లంగరేసేవి. మూటలూ మనుషులూ పడవలెక్కి, అలలు దాటి ఒడ్డుకు చేరాల్సిందే.

అలా లంగరేసిన విదేశీ ఓడ మీద ఖూనీ జరిగితే విచారించేదెవరు? లంగరు ఎక్కడ వేయాలో చెప్పే రేవు నియమాలు వేరు, పరాయి దేశపు కెప్టెన్‌ను బోనెక్కించడం వేరు.

ఫిరంగి గుండు వెళ్లినంత మేరా ఒడ్డు ఏలేవాడిదే, అందుకే మూడు మైళ్లు అని మన స్థానిక రచయితలు తేల్చేస్తుంటారు. ఆ సూత్రం హాలండు పండితుడు బింకర్షూక్‌ది. దానికి మూడు మైళ్ల లెక్క కట్టింది 1782లో ఇటలీవాడు గాలియానీ. నాటి ఫిరంగులకు అంత దూరం కొట్టే సత్తా లేదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి సేనాని లినోయ్ మూడు యుద్ధనౌకలతో విశాఖ ముందుకు వచ్చి ఇంగ్లీషు యుద్ధనౌక 'సెంచూరియన్'తో తలపడ్డాడు. ఒడ్డున ఫిరంగులున్నా 'ప్రిన్సెస్ షార్లెట్' అనే వర్తక ఓడను పట్టుకుపోయాడు. ఫిరంగి కథను విశాఖవాళ్లే నమ్మడం విడ్డూరం.

అసలు తగువు 1876 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని డోవర్ దగ్గర పుట్టింది. లండన్ నుంచి బొంబాయి బయలుదేరిన 'స్ట్రాత్‌క్లైడ్'ను జర్మన్ ఓడ 'ఫ్రాంకోనియా' గుద్ది ముంచింది. తీరానికి మూడు మైళ్ల లోపే. జర్మన్ ఓడ కెప్టెన్ కైన్ మీద కింది కోర్టులో నేరం రుజువైంది. పైకోర్టులో ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఆరుగురు మరోవైపు. ఒక్క ఓటు తేడాతో కైన్ బయటపడ్డాడు: పార్లమెంటు చట్టం చేయందే ఆ నీళ్లలో విదేశీయుణ్ణి విచారించే అధికారం కోర్టుకు లేదన్నారు.

రెండేళ్లు తిరగకముందే, 1878లో, పార్లమెంటు చట్టం చేసింది. ఈ అధికారం రాణిగారికి మొదటినుంచీ ఉన్నదేనని పీఠికలో రాసుకుంది! ఓడిన కేసును కలంతో గెలవడమంటే ఇదే. కొందరు చరిత్రకారులు ఆ పీఠికను వేదవాక్కులా ఉటంకిస్తారు. జడ్జీలు ఏమన్నారో వాళ్లు చదివినట్టు లేదు.

అయితే ఇండియాలో తీరపు నీళ్లకు కోర్టు పరిధి ఉందన్న మాట డోవర్ కంటే ముందే వినిపించింది. ఒక ఊరి జాలర్లు సముద్రంలో పాతుకున్న వల గుంజలను మరో ఊరివాళ్లు పీకేస్తే, మూడు మైళ్ల లోపు జరిగిన ఆ నేరాన్ని విచారించవచ్చని బొంబాయి హైకోర్టు 1871లో తీర్పిచ్చింది. నిందితులు ఇక్కడివాళ్లే, విదేశీయులు కారు. ఆ తేడా వదిలేసి ఈ తీర్పును ఫ్రాంకోనియాకు జవాబుగా చూపడం కూడా తప్పే.

1878 తర్వాత విశాఖ ముందు నిలిచిన విదేశీ ఓడ మీది నేరానికి ఆ చట్టం వర్తించింది. కాకపోతే నిందితుడు విదేశీయుడైతే, గవర్నరు అనుమతి లేకుండా దాని కింద విచారణ సాగేది కాదు.