పియానో లేని నలుగురు

జాజ్‌కు 1959 లాంటి ఏడాది మళ్లీ రాలేదు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్', చార్లెస్ మింగస్ 'మింగస్ ఆ ఉమ్' అన్నీ అప్పుడే వచ్చాయి. ఆ మే నెలలో అట్లాంటిక్ కంపెనీ ఒకదానికొకటి పొసగని రెండు రికార్డింగులు చేసింది. న్యూయార్క్‌లో జాన్ కోల్ట్రేన్ 'జెయింట్ స్టెప్స్'లో చాలాభాగం వాయించాడు. అందులో కార్డులు, అంటే ఒక్కసారిగా మోగే స్వరాల గుత్తులు, ఊపిరి సలపనంత వేగంగా మారిపోతుంటాయి. హాలీవుడ్‌లో మే 22న శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఆ కార్డుల వరసే వద్దనుకున్నాడు. 'ఫోకస్ ఆన్ శానిటీ' అని పేరు పెట్టాలనుకున్న ఆ ఆల్బమ్, నిర్మాత నెసుహి ఎర్తెగన్ పట్టుబట్టడంతో 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్'గా బయటికొచ్చింది. రాబోయే జాజ్ ఇలాగే ఉంటుందని చాటడానికి గుండె ధైర్యం కావాలి.

అప్పటికి కోల్‌మన్‌కు 29 ఏళ్లు. టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పుట్టాడు. కుర్రతనంలో బేటన్ రూజ్‌లో వాయించిన రాత్రి కొందరు చితకబాది శాక్సఫోన్‌ను ధ్వంసం చేశారు. లాస్ ఏంజెలిస్‌లో ఒక పెద్ద దుకాణంలో లిఫ్టు నడిపాడు. ఇత్తడి శాక్సఫోన్ కొనే స్తోమత లేక, ఇంగ్లండ్‌లో తయారైన తెల్లటి ప్లాస్టిక్ గ్రాఫ్టన్ కొనుక్కున్నాడు. గత్యంతరం లేక పట్టిన ఆ వాద్యంలోని పొడి గొంతే తర్వాత అతని గుర్తయింది.

1958లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పియానో ఉంది. పియానిస్టు కార్డు పట్టుకుంటే శాక్సఫోన్ దాని హద్దులోనే తిరగాలి. 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్'లో పియానోకు చోటు లేదు. కోల్‌మన్, ట్రంపెట్ లాంటి కార్నెట్ మీద డాన్ చెర్రీ, బాస్ మీద చార్లీ హేడెన్, డ్రమ్స్ మీద బిల్లీ హిగ్గిన్స్, అంతే. పల్లవి లాంటి ఒక రాగవరస కోల్‌మన్, చెర్రీ కలిసి వాయిస్తారు. ఆపైన ఎవరి మనోధర్మం వారిది. పాట ఎటు పోతే హేడెన్ అటు నడుస్తాడు.

'లోన్లీ ఉమన్' వినండి. హేడెన్ రెండు తీగలు కలిపి మీటుతుంటాడు, హిగ్గిన్స్ సింబల్ మీద వడివడిగా పరుగెడుతుంటాడు. ఆ పరుగును పట్టించుకోకుండా శాక్సఫోన్, కార్నెట్ నెమ్మదిగా, ఏడుపు గొంతులో పెట్టుకుని మాట్లాడినట్టు సాగుతాయి. దుకాణంలో పనిచేసే రోజుల్లో భోజన విరామంలో చూసిన ఒక చిత్రం దీనికి మూలమని కోల్‌మన్ చెప్పాడు: సిరిసంపదలన్నీ ఉండి, ముఖంలో ఒంటరితనం నిండిన ఒక తెల్లజాతి స్త్రీ. ఇది విన్నాక, ఇతనికి వాయించడం రాదన్నవాళ్ల మాటలు నాకెన్నడూ తలకెక్కలేదు. టెక్సాస్ బ్లూస్ ఇందులో అడుగడుగునా పలుకుతుంది.

1959 నవంబరులో ఈ నలుగురూ న్యూయార్క్ ఫైవ్ స్పాట్ కెఫేలో రెండు వారాలకని వచ్చి, రెండు నెలలకు పైగా వాయించారు. ఆర్కెస్ట్రా కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టీన్ మురిసిపోయాడు. మైల్స్ డేవిస్ అయితే కోల్‌మన్ మానసిక స్థితినే శంకించాడు.

1960 డిసెంబరులో ఎనిమిది మందితో చేసిన 'ఫ్రీ జాజ్' ఒక ఉద్యమానికే పేరిచ్చింది. చరిత్ర పుస్తకాలు దానికి పెద్ద పీట వేస్తాయి. కోల్‌మన్ అసలు బలం మాత్రం ఈ నలుగురి రికార్డులోనే ఉందని నా నమ్మకం, ఎందుకంటే స్వేచ్ఛ ఎంత ఉన్నా ఇక్కడ పాట ఎక్కడా చేజారదు. పేరొచ్చినంతగా డబ్బు రాలేదు. 1962 చివర్లో వేదికకు దూరమై, ట్రంపెట్, వయొలిన్ పట్టి, 1965లో తిరిగొచ్చాడు. 1971లో 'సైన్స్ ఫిక్షన్' ఆల్బమ్ కోసం మన బొంబాయి గాయని ఆశా పుత్లీ చేత రెండు పాటలు పాడించాడు.

2007లో పులిట్జర్ బహుమతి తెచ్చిన 'సౌండ్ గ్రామర్'లోనూ నలుగురే: ఇద్దరు బాసిస్టులు, కోల్‌మన్, డ్రమ్స్ మీద కొడుకు డెనార్డో. పదేళ్ల వయసులోనే తండ్రి రికార్డులో డ్రమ్స్ వాయించిన కుర్రాడతను.