ప్రాచీన అరబీలో కూర్చునే తీరుల పదజాలం

మనిషి కూర్చునే, చేరగిలే, పడుకునే తీరుల్లో చాలావాటికి ప్రాచీన అరబీలో విడివిడిగా మాటలున్నాయి. ఎడారి తెగల నోట నలిగిన ఈ మాటలను 8వ శతాబ్దం నుంచి పండితులు పోగుచేస్తూ వచ్చారు. తొలి అరబీ నిఘంటువు ‘కితాబుల్ ఐన్’కు బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ శ్రీకారం చుట్టాడు. నిషాపూర్‌కు చెందిన సఆలిబీ (961–1038) అక్షరక్రమాన్ని పక్కనపెట్టి, అర్థాలవారీగా పదాలను కూర్చాడు. అంధుడైన అండలూసియా పండితుడు ఇబ్న్ సీదా (మరణం 1066) ‘అల్ ముఖస్సస్’లో అదే పనిని మరింత విస్తరించాడు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది ‘జులూస్’, ‘ఖుఊద్’ అనే రెండు మామూలు మాటల మీద. నిలబడ్డవాడు కూర్చుంటే ఖుఊద్, పడుకున్నవాడు లేచి కూర్చుంటే జులూస్ అని ఒక వర్గం వాదన. జులూస్ ధాతువుకు మూలార్థం ‘ఎత్తు’ అని నిఘంటుకారుడు ఇబ్న్ ఫారిస్ (మరణం 1004) చెప్పడం దీనికి బలమిచ్చింది. అలెప్పో ప్రభువు సైఫుద్దౌలా, తన ఎదుట నిలబడి ఉన్న వ్యాకరణవేత్త ఇబ్న్ ఖాలవైహ్‌ను కూర్చోమంటూ ‘ఉఖ్ఉద్’ అన్నాడట, ‘ఇజ్లిస్’ అనలేదట. ప్రభువుకు సాహిత్యపు లోతులు తెలుసని ఆ ఒక్క మాటతో పండితుడు గ్రహించాడని 13వ శతాబ్దపు జీవితచరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. అయితే 1290లో పూర్తయిన ‘లిసానుల్ అరబ్’ నిఘంటువు జులూస్‌కు ఖుఊద్ అనే అర్థం చెప్పింది. ఈ తేడా పండితుల సున్నితమైన అభిరుచే తప్ప, జనం వాడుకలో కచ్చితంగా పాటించిన నియమం కాదనడమే సబబు.

అరబ్బుల జీవితం నిండుగా కనిపించే మాట ‘ఇహ్తిబా’. పిరుదులు నేలకు ఆనించి, మోకాళ్లు పైకి ముడిచి, వీపునూ కాళ్లనూ కలిపి పైబట్టతో చుట్టుకుని కూర్చోవడం ఇది. బట్ట లేకపోతే చేతులతోనే కాళ్లను పెనవేసుకుంటారు. గుడారాల్లో బతికేవారికి వీపు ఆనించడానికి గోడ ఉండదు కాబట్టి, ఇహ్తిబాయే అరబ్బుల గోడ అనే నానుడి పుట్టింది. ఆ చుట్టును ‘హుబ్వా’ అంటారు. దాన్ని విప్పడమంటే లేవడానికి సిద్ధపడటం. తమీమ్ తెగ పెద్ద ఖైస్ ఇబ్న్ ఆసిమ్ కత్తి పటకాతో ఇలాగే కూర్చుని మాట్లాడుతుండగా, కొడుకు శవాన్నీ, చంపిన బంధువునూ తెచ్చి ముందు పెట్టారట. ఆయన హుబ్వా విప్పలేదు, మాట ఆపలేదు. అరబ్బులు సహనానికి ఉదాహరణగా ఈ కథ చెబుతారు. ఒంటి మీద ఒక్క బట్టే ఉన్నప్పుడు మాత్రం, మానం బయటపడుతుందని, ప్రవక్త ఈ తీరును వారించినట్టు హదీసులున్నాయి.

తొడలను పొట్టకు ఆనించి చేతులతో కాళ్లు చుట్టుకుంటే ‘ఖుర్ఫుసా’. నేటి అరబీలో ఇదే మాటకు గొంతుకూర్చోవడం అని అర్థం. బాసింపట్టు వేస్తే ‘తరబ్బు’. ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు అంచున కూర్చుంటే ‘ఇస్తీఫాజ్’. వెల్లకిలా పడుకుంటే ‘ఇస్తిల్ఖా’, పక్కకు ఒత్తిగిలి పడుకుంటే ‘ఇజ్తిజా’. పశుపక్ష్యాదులకూ వేరే క్రియలే: ఒంటెకు ‘బరక’, గొర్రెకు ‘రబజ’, పిట్టకు ‘జసమ’.

ఈ పదాలకు ఇస్లామీ ధర్మశాస్త్రంలోనూ బరువుంది. నమాజులో ఎడమ పాదం పరిచి దాని మీద కూర్చోవడం ‘ఇఫ్తిరాష్’, పిరుదును నేలకు ఆనించి పాదాన్ని పక్కకు తీయడం ‘తవర్రుక్’. ధర్మశాస్త్ర శాఖల్లో హనఫీలు పురుషులకు మొదటిదే చెబుతారు, మాలికీలు రెండోది. షాఫియీలు నడిమి కూర్చోవడానికి మొదటిదీ, చివరిదానికి రెండోదీ పాటిస్తారు. కుక్కలా చేతులు నేలకు ఆనించి కూర్చునే ‘ఇఖ్ఆ’ నమాజులో పనికిరాదు.

అరబీ వ్యాకరణంలో ‘జిల్స’ అంటే కూర్చునే తీరు, ‘జల్స’ అంటే ఒకసారి కూర్చోవడం. ఈ రెండో మాటే పారసీ, ఉర్దూల మీదుగా తెలుగుకు చేరి ‘జల్సా’ అయింది.