బుగులు

చిల్పూరు గుట్ట మీది దేవుడికి బుగులు వెంకటేశ్వరస్వామి అని పేరు. కుబేరుడి అప్పు ఎట్లా తీర్చాలన్న బుగులుతో వచ్చి ఇక్కడ కూర్చున్నాడని కథ. ఈ సీమ తాండాలకూ ఒక బుగులు పట్టింది, ఎవరికీ బాకీ పడకుండానే.

లంబాడీలది లదేణి బతుకు. ఎద్దుల వీపున గోణెలు వేసి తీరం నుంచి ఉప్పు తెచ్చేవారు, ఇక్కడి గింజలు పట్టుకుపోయేవారు. మొగలు దండుకు ధాన్యం మోశారు. టిప్పు మీదికి కదిలిన ఇంగ్లీషు దండుకూ మోశారు. అప్పుడు వాళ్ళ తిరుగుడు ఎవరికీ నేరంగా తోచలేదు.

ఉప్పు మీద సర్కారు పెత్తనం ముందే సగం నడుము విరిచింది. మిగతా సగం రైలు విరిచింది. 1886లో సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు, 1889లో బెజవాడకు పట్టాలు పడ్డాయి. మన ఘనపురం స్టేషన్ ఘన్‌పూర్ అయింది. ఎద్దులు వారాల తరబడి నడిచి తెచ్చే ఉప్పు వ్యాగన్లలో దిగసాగింది. బిడారులు చెదిరాయి. కొందరు పశువుల వెంట పడ్డారు, కొందరు దొరల భూముల్లో చేరారు. ఆకలికి దొంగతనం చేసినవాళ్ళూ ఉన్నారు, కాదనను. దొంగకు శిక్ష ఎప్పుడూ ఉన్నదే. పుట్టుకకు శిక్ష వేసింది మాత్రం 1871 నేరస్థ తెగల చట్టం: పేరు నమోదు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, వేలిముద్రలతో సహా. అక్కడ ఉప్పు మోసిన ఎరుకల వాళ్ళను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో కాపలా మధ్య కుదేశారు. నిజాం పోలీసు లంబాడీలనూ అదే కంటితో చూసింది. ఎల్లకు ఇటైనా అటైనా బిడారు అంటే అనుమానమే.

ఐరోపాలో సంచార జాతి రోమాల గతీ ఇదే. 1899లో మ్యూనిక్ పోలీసులు వాళ్ళ చిట్టా రాయడానికి ప్రత్యేక కార్యాలయమే తెరిచారు. 1912లో ఫ్రాన్సు సంచారుల చేతికి కొలతల పుస్తకం ఇచ్చింది. మ్యూనిక్ దస్త్రాలు తర్వాత నాజీలకు దక్కాయి, లక్షల ప్రాణాలు పోయాయి. రోమాలు మంచినీళ్ళను పాని అంటారు. మన తాండాలో దాహమైనా అదే మాట.

ఇక్కడి నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు ఆ రోజునే పండుగ చేసుకుంటాయి, పంద్రాగస్టు వచ్చిన ఐదేళ్ళ పదహారు రోజులకు.