కింద గని, పైన పాయిఖానా: కోలారు దళితుల వొంటి చరిత్ర

పని పరిస్థితులు బాగా లేకపోతే కార్మికుడి ఆరోగ్యం చెడుతుంది, ఆరోగ్యం చెడితే పని మీద మనసు విరుగుతుంది, మనసు విరిగినవాడు మానేసి పోతాడు. యాజమాన్య శాస్త్రం పుస్తకాలు తిప్పి తిప్పి చెప్పే సూత్రం యిది. వినడానికి బాగానే వుంటుంది. కాని దీని వెనక వొక నమ్మకం దాక్కుని వుంది: మానేసినవాడికి పోవడానికి యింకో చోటు వుంటుందని. కులం రాజ్యమేలే దేశంలో ఆ యింకో చోటు ఎవరికుంది? ఈ ప్రశ్న వేసుకోకుండా రాసిన కార్మికోద్యమ చరిత్రలు మనకు చాలానే వున్నాయి. వాటిల్లో కార్మికుడికి వర్గం వుంటుంది, కులం వుండదు, వొళ్ళు అసలే వుండదు. అందుకే కోలారు బంగారు గనుల్ని మళ్ళీ వొకసారి చూడాలి.

1880ల నుంచి మైసూరు సంస్థానంలో బ్రిటిష్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ ఆ గనుల్ని నడిపింది. భూమి లోపలికి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన దళితులు. మన చిత్తూరు ప్రాంతం 1911 దాకా ఆ జిల్లాలో భాగమే. తమిళం మాట్లాడేవాళ్ళే ఎక్కువ, తెలుగు మాట్లాడేవాళ్ళూ వున్నారు. ఊళ్ళో వెట్టి, భూస్వామి గడపలో కొలిచిపోసే గింజలు. గనిలో చేతికి డబ్బు, కంపెనీ లైన్లలో గది. ఊపిరి తీసే గనే ఊరి నుంచి విడుదల కూడా అయింది. అయోతీదాస్ పండితుల బౌద్ధ సంఘానికి మారికుప్పంలో శాఖ ఏర్పడిందంటే, ఆయన పత్రిక 'తమిళన్'కు అక్కడ పాఠకులు దొరికారంటే, ఆ నగదు కూలి, ఊరి పెత్తనం లేని ఆ లైన్లు దానికి దన్ను.

మరి వొళ్ళు ఏమయింది? చాంపియన్ రీఫ్ గని చివరికి 3,000 మీటర్లు దాటి లోతుకుపోయింది. అంత లోతులో రాయి తాకితే కాలుతుంది. పైనుంచి చల్లగాలి పంపకపోతే మనిషి నిలవలేడు. రాతి వొత్తిడికి గోడలు పేలి మీద పడేవి. వీటికంటే నెమ్మదిగా చంపింది దుమ్ము. బంగారం వుండేది పలుగురాతి పొరలో. దాన్ని తొలిచినప్పుడు లేచే సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లో దిగి కూర్చుంటుంది, చుట్టూ మచ్చ కడుతుంది, యిక పోదు. పని మానేసినా జబ్బు మానదు. దానికి తోడు క్షయ. 1940లో మైసూరు ప్రభుత్వం సిలికోసిస్ నిబంధనలు చేసి దాన్ని పరిహారం యివ్వాల్సిన జబ్బుగా వొప్పుకుంది. తర్వాత కాప్లాన్, బర్డెన్ అనే వాళ్ళు 7,653 మంది కార్మికుల్ని పరీక్షించి 1947లో ప్రకటించిన లెక్క ప్రకారం 43.7 శాతం మందికి సిలికోసిస్ వుంది. నూటికి నలభైమూడు మంది! పుస్తకాల సూత్రమే నిజమైతే ఆ గనులు ఎప్పుడో ఖాళీ కావాలి.

ఖాళీ కాలేదు. అలాగని కార్మికులు నోరు మూసుకుని పడి వున్నారనుకుంటే పొరపాటు. 1930 ఏప్రిల్‌లో వేలిముద్రలతో పేర్లు నమోదు చేస్తామని కంపెనీ అంటే వేలమంది పని ఆపేశారు. దాదాపు మూడు వారాలు గనులు ఆగిపోయాయి. వేలిముద్ర ఎందుకంత భయపెట్టింది? ముద్ర పడితే వొక గనిలో తీసేసినవాడికి పక్క గని తలుపు కూడా మూసుకుపోతుంది. పని మానేసే హక్కు, యింకోచోట చేరే హక్కు - దానికోసం జరిగిన సమ్మె అది. కూలి రేట్ల సమ్మెల లెక్కలో దీన్ని కలిపేసి చదవడం వల్ల మన చరిత్రకారులకు యిది కనపడలేదు.

ఇంతవరకూ గని కింది సంగతి. గని మీద టౌన్‌షిప్పు వుంది. అక్కడ వరసలు వరసలుగా పాయిఖానాలు, వాటిని చేత్తో ఎత్తే పాకీవాళ్ళు. తెలుగు మాట్లాడే తోటి కులంవాళ్ళు. కింద దిగినవాడూ దళితుడే, పైన ఎత్తినవాడూ దళితుడే. కాని కిందివాడి జబ్బుకు పేరుంది, నిబంధన వుంది, శాతం వుంది. పైవాడి వాంతులకు, కడుపునొప్పికి, చర్మరోగాలకు అలాంటి నిబంధన లేదు. ఆ కుటుంబాల్లో వొకదాంట్లోనే 1966లో బెజవాడ విల్సన్ పుట్టాడు. వాడలో మగాళ్ళ జీతమంతా సారాకు పోతుంటే, తాగుడు మానమని ఆయన మొదట వాళ్ళకు చెప్పబోయాడు. తాగకుండా ఆ పని చెయ్యలేమని వాళ్ళు జవాబిచ్చారట. ఈ మాటను ఆయన చాలాసార్లు బహిరంగంగా చెప్పాడు. తాగుడు వాళ్ళ దురలవాటు అని నీతులు చెప్పే సంస్కర్తలు యిక్కడ ఆగి ఆలోచించాలి. సారా ఆ పనికి పనిముట్టు, చీపురు, రేకు లాగే.

పుట్టుకతో అంటగట్టిన పనిలో మనసూ బుద్ధీ పెట్టడం ఎవరికీ సాధ్యం కాదనీ, అసహ్యం, తప్పించుకోవాలన్న కోరిక అక్కడ ఎప్పుడూ వుంటాయనీ అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో 1936లోనే వాదించాడు. పని వొదిలేసే కోరిక లేక కాదు, దారి లేక. దారి మూసింది ఆచారం వొక్కటే కాదు, చట్టం కూడా. ఉత్తరాన సంయుక్త పరగణాల మునిసిపాలిటీల చట్టం 1916 చూడండి: మునిసిపల్ పాకీ కార్మికుడు అనుమతి లేకుండా పని మానేసినా, సరైన కారణం లేకుండా రాకపోయినా రెండు నెలల దాకా జైలు. గుమస్తా మానేస్తే రాజీనామా, పాకీవాడు మానేస్తే నేరం! 1946లో బొంబాయి పాకీవాళ్ళు సమ్మెకు దిగితే గాంధీ 'హరిజన్'లో వాళ్ళు వొక్కరోజు కూడా పని ఆపకూడదని రాశాడు. అదే బొంబాయి శాసనసభలో 1938లో అంబేద్కర్ సమ్మెను నేరం చేసే బిల్లుకు అడ్డం నిలబడ్డాడు. ఈ యిద్దరి మధ్య తేడా మర్యాదకు సంబంధించింది కాదు.

చేత్తో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్ళు కలిసి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ దాని అమలు కోసం 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తీర్పు రావడానికి 2014 దాకా పట్టింది. ఈలోగా 2013లో యింకో చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు యివ్వాలని 2014 తీర్పు చెప్పింది, 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. శాశ్వతంగా అవిటివాళ్ళయితే 20 లక్షలు. కోలారు గనులు 2001లోనే మూతపడ్డాయి. గని కార్మికుల బిడ్డలు చాలామంది తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు కూలికి పోతున్నారు. తట్ట దించినవాళ్ళకు 2013 చట్టం కింద దొరికేవి వొక్కసారి యిచ్చే 40,000 రూపాయలు, శిక్షణ, అప్పు, పిల్లలకు స్కాలర్‌షిప్పు, యింటి స్థలం. ఇన్నేళ్ళు మోసినందుకు వొంట్లో మిగిలిన జబ్బులకు పరిహారం ఆ జాబితాలో లేదు.