సర్పగంధయు రక్తపుపోటును

1945 ఏప్రిల్ 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆనాడు వైద్యుడు కొలిచిన రక్తపుపోటు 300/190. అది 1944 మార్చిలోనే 186/108గా ఉండెనని ఆ వైద్యునకు తెలియును. తెలిసియు చేయగలిగినది స్వల్పము. ఉప్పు తగ్గించుట, విశ్రాంతి, గుండెకు డిజిటాలిస్ - వీనిని మించి నమ్మదగిన సాధనములు లేకుండెను. పైగా, ఇరుకైన నాళముల గుండా అవయవములకు రక్తము చేరుటకు ఆ పోటు అవసరమేయనియు, దానిని తగ్గించుట అపాయమనియు తలచిన వైద్యులు పెక్కురుండిరి.

మన దేశమున సర్పగంధ వేరును ఉన్మాదమునకు, నిద్రలేమికి తరతరములుగా వాడుచుండిరి. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వంగ వైద్యులు అది రక్తపుపోటును గూడ తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో గాంచిన ఫలితములను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వెల్లడింపగా ప్రపంచదృష్టి అటు మరలినది. 1952లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్‌ను వేరుచేసిరి.

అయితే, పోటు తగ్గినంతమాత్రమున గుండె, మెదడు, మూత్రపిండములు రక్షింపబడునా? ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వమున అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టినవి. క్రింది అంకె 115 నుండి 129 వరకు గల 143 మంది పురుషులలో కొందరికి రిసర్పిన్, హైడ్రాలజిన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపి ఇచ్చిరి. తక్కినవారికి మందును పోలిన ఉత్త మాత్రలిచ్చిరి. 1967లో ఫలితము వెలువడెను. తీవ్రమైన ఉపద్రవములు ఉత్త మాత్రల జట్టులో 27, మందు పుచ్చుకొన్నవారిలో 2 మాత్రమే! పోటు అంత హెచ్చుగా లేని 380 మందిపై జరిగిన పరీక్ష 1970లో ప్రకటితమయ్యెను. అందు అయిదేండ్లలో ఉపద్రవము కలుగు అవకాశము నూటికి 55 నుండి 18కి తగ్గెను. ముఖ్యముగా పక్షవాతము, గుండె నీరసించుట తగ్గినవి. అవయవములకు పోటు రక్షకము కాదని, భక్షకమని తేలిపోయెను.

అటుపిమ్మట బ్రెజిల్ దేశపు సర్పవిషముపై జరిగిన పరిశోధన దారిచూపగా కాప్టోప్రిల్ పుట్టి, 1981లో అమెరికాలో అనుమతి పొందెను. మధుమేహుల మూత్రపిండముల క్షీణతను అది మందగింపజేయునని 1993లో రుజువయ్యెను.

మనస్సును క్రుంగదీయునను భయముచేత నేడు రిసర్పిన్ వాడుక అరుదు. కాని అది పాల్గొన్న పరీక్ష నేర్పిన పాఠము చెరగలేదు. రక్తపుపోటు నొప్పి పెట్టదు, లోలోపలనే తినివేయును. కనుక ఒంట్లో బాగున్నదని మనము వైద్యుని అడుగకయే మందు మానరాదు. మాత్ర నిత్యము కాపాడునది మనకు కానరాని అవయవములనే గదా!