మోడల్ ఆవిరి రైలింజనులో సౌండ్ డీకోడరు

సౌండ్ డీకోడరు అనేది డిజిటల్ కమాండ్ కంట్రోల్ (డి.సి.సి.) పద్ధతిలో నడిచే మోడల్ రైలింజనులలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరం. ఇది మోటారును, దీపాలను నియంత్రించడంతో పాటు, తన మెమరీలో నిక్షిప్తమైన కూత, గంట, ఆవిరి చప్పుడు వంటి శబ్దాలను చిన్న స్పీకరు ద్వారా వినిపిస్తుంది.

నేపథ్యం
పాత పద్ధతిలో పట్టాలలోని ఓల్టేజిని మార్చి వేగాన్ని మార్చేవారు. అందువలన ఆ పట్టాలపై ఉన్న ఇంజనులన్నీ ఒకేసారి కదిలేవి. డి.సి.సి.లో పట్టాలపై ఎల్లప్పుడూ పూర్తి ఓల్టేజి ఉంటుంది, దానితోపాటే అంకెల రూపంలో ఆజ్ఞలు వెళతాయి. ప్రతి డీకోడరు తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. ఈ పద్ధతిని 1980లలో జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించింది. 1990లలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ దీనిని ప్రమాణంగా స్వీకరించింది.

అమర్చే చోటు
హెచ్.ఓ. (1:87) వంటి చిన్న స్కేళ్ళలో బాయిలరు లోపలి స్థలాన్ని మోటారు, పళ్ళచక్రాలు, బరువు దిమ్మ ఆక్రమిస్తాయి. అందువలన డీకోడరును, స్పీకరును సాధారణంగా బొగ్గు, నీరు మోసే టెండరులో ఉంచి, సన్నని తీగలతో ఇంజనుకు కలుపుతారు. స్పీకరు వెనుక భాగాన్ని గాలి చొరని చిన్న పెట్టెలో బిగించాలి. లేనిచో ముందు, వెనుక వెలువడే ధ్వని తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకొని శబ్దం బలహీనపడుతుంది.

తీగల అనుసంధానం
ప్రమాణం ప్రకారం తీగల రంగులు ఇవి:
* ఎరుపు – కుడి పట్టా
* నలుపు – ఎడమ పట్టా
* నారింజ, బూడిద – మోటారు
* తెలుపు – ముందు దీపం
* పసుపు – వెనుక దీపం
* నీలం – దీపాలకు ఉమ్మడి ధన ధ్రువం

అన్నిటికంటె ముఖ్యమైనది మోటారును పట్టాల నుండి పూర్తిగా వేరు చేయడం. పాత నమూనాలలో మోటారు బ్రష్షులలో ఒకటి లోహపు చట్రాన్ని, చట్రం ఒక పట్టాను తాకి ఉంటాయి. ఈ సంబంధాన్ని తెంచకుండా డీకోడరును కలిపితే అది కాలిపోయే ప్రమాదముంది. కావున ముందుగా మీటరుతో, ప్రతి బ్రష్షుకు రెండు పట్టాలతోను సంబంధం లేదని నిర్ధారించుకోవాలి.

శబ్దానికి, చక్రాలకు పొందిక
నిజమైన ఇంజనులో పిస్టనుకు ఇరువైపులా ఆవిరి పనిచేస్తుంది. కాబట్టి ఒక్కొక్క సిలిండరు చక్రం ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఆవిరిని వదులుతుంది. రెండు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు నాలుగు "ఛుక్"లు వినిపిస్తాయి. 1923లో తయారైన బ్రిటిష్ ఇంజను ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు మూడు సిలిండర్లు ఉన్నందున ఆరు వినిపిస్తాయి. మోడల్‌లో ఈ లయను రెండు విధాలుగా సాధిస్తారు. ఇరుసుపై అయస్కాంతం, సెన్సరు అమర్చడం ఒకటి. మోటారులో పుట్టే వ్యతిరేక ఓల్టేజిని బట్టి వేగాన్ని అంచనా వేయడం రెండవది. మొదటిది శ్రమతో కూడినదైనా మరింత ఖచ్చితమైనది.

పరీక్ష
పై తొడుగు బిగించకముందే ఇంజనును ప్రోగ్రామింగ్ పట్టాపై పరీక్షించాలి. అక్కడ విద్యుత్ ప్రవాహం పరిమితంగా ఉండుటచే, తీగలలో పొరపాటు ఉన్నా డీకోడరు దెబ్బతినే అవకాశం తక్కువ. కొత్త డీకోడరు చిరునామా సాధారణంగా 3. పట్టాలపై మురికి వలన శబ్దం తెగిపోతుంటే, స్థలాన్ని బట్టి విద్యుత్తును నిలువ ఉంచే కెపాసిటరును చేర్చవచ్చును.