నిర్బంధము, శ్రద్ధ: ఫిలిప్పీన్స్ దేశపు రిజాల్ శాసనవృత్తాంతం



ఒక జాతి తన మహాపురుషుని గ్రంథాలను విద్యార్థులచేత చదివించదలచింది. ఆ జాతికి ధర్మోపదేశం చేసే ఆచార్యులే వలదన్నారు. ఇట్టి వివాదం 1956లో ఫిలిప్పీన్స్ దేశంలో సంభవించింది. దేవాలయ సేవకుడనైన నాకు ఇది పరదేశ వృత్తాంతంగా మాత్రమే తోచదు.

హోసే రిజాల్ 1861లో జన్మించిన వైద్యుడు, కవి, నవలాకారుడు. ఆయన స్పానిష్ భాషలో రచించిన 'నోలి మే తాంగెరె' 1887లో బెర్లిన్‌లో, 'ఎల్ ఫిలిబుస్తెరిస్మో' 1891లో ఘెంట్‌లో ముద్రితమయ్యాయి. స్పానిష్ మఠగురువుల అధికారమదాన్ని, ధనలోభాన్ని ఆ నవలలు నిర్దాక్షిణ్యంగా చిత్రించాయి. మొదటి నవలలో దామాసో అనే గురువు ఒక గృహస్థుని మృతదేహాన్ని శ్మశానం నుండి పెకలించి తీయిస్తాడు. 1896 డిసెంబరు 30న స్పానిష్ ప్రభుత్వం రిజాల్‌ను మనీలాలో తుపాకులతో కాల్పించి మరణదండన విధించింది.

దేశం స్వతంత్రమైన పదేళ్లకు, రిజాల్ జీవితాన్ని, రచనలను విద్యాలయాలలో అనివార్య పాఠ్యంగా చేయాలని సెనేటర్ క్లారో రెక్టో సంకల్పించారు. హోసే లారెల్ ఆ ప్రతిపాదనను సభలో నడిపించారు. వీరుని విగ్రహానికి మాల వేసి ఆయన వాక్కును మాత్రం చదవకుండుట భక్తి కాదన్నదే వారి భావం.

కాథలిక్ ధర్మాధ్యక్షులు తీవ్రంగా ప్రతిఘటించారు. రిజాల్ దేశభక్తిని వారు కాదనలేదు. ఆ నవలలలో తమ మతసిద్ధాంతాలపై దాడి ఉన్నదని, విశ్వాసిచేత వాటిని బలవంతంగా చదివించుట అంతఃకరణ స్వాతంత్ర్యానికి భంగమని వాదించారు. సెనేటర్ ఫ్రాన్సిస్కో రొడ్రిగో ప్రభృతులు సభలో వారి పక్షం వహించారు. కాథలిక్ పాఠశాలలు మూతపడగలవన్న హెచ్చరిక కూడా వినవచ్చింది. అట్లైతే ప్రభుత్వమే వాటిని స్వీకరించవచ్చునని రెక్టో ప్రత్యుత్తరమిచ్చారు.

చివరకు సంధి కుదిరింది. 1956 జూన్ 12న అధ్యక్షుడు రామోన్ మాగ్సాయ్‌సాయ్ సంతకంతో 1425వ శాసనం వెలువడింది. కళాశాలలలో నవలల మూలప్రతులు గాని, సంక్షిప్తం కాని ఆంగ్లానువాదాలు గాని పాఠ్యాలయ్యాయి. మతవిశ్వాస కారణంగా ప్రమాణపత్రం సమర్పించిన విద్యార్థికి ఆ పఠనం నుండి మినహాయింపునకు వీలు కల్పించారు. పాఠ్యక్రమం నుండి మాత్రం మినహాయింపు లేదు.

ఇందులో ధర్మం ఎటు నిలిచింది? శ్రద్ధను శాసనం పుట్టించలేదు. అందుచేత అంతఃకరణను గురించి ధర్మాధ్యక్షులు పలికిన మాట సత్యమే. మినహాయింపునిచ్చిన శాసనమూ దానిని అంగీకరించింది. కాని తాము దూరముంచగోరుట ఒకటి, సమస్త విద్యార్థులకు గ్రంథమే అందకుండా చేయగోరుట మరొకటి. రెండవదానికి మొదటిది ఆధారం కాజాలదు.

మరొక విషయం గమనించండి. రిజాల్ తన రెండవ నవలను 1872లో స్పానిష్ పాలకులు మరణదండన విధించిన గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు గురువులకే అంకితమిచ్చారు. ఆ నవల చివర వివేకవాక్యాలు పలికేది ఫ్లోరెంతినో అనే స్వదేశీయ గురువే. ఆయన నిందించినది గురుపీఠాన్ని కాదు, పీఠస్థుల దోషాన్ని.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు పాలుడిగిన గోవులను దానమిస్తుండగా, శ్రద్ధావిష్టుడైన నచికేతుడు తండ్రి యాగంలోని లోపాన్ని చూశాడు. తండ్రి కోపించాడు, శ్రుతి మాత్రం ఆ బాలుని ప్రశ్నను దాచలేదు, దానినే బ్రహ్మవిద్యకు ద్వారంగా నిలిపింది.

కొన్నేళ్ల క్రిందట గర్భాలయ ద్వారం వద్ద ఒక బాలుడు నన్నడిగాడు: "స్వామీ, ఎక్కువ రుసుము ఇచ్చినవారికే దేవుడు దగ్గరగా కనబడతాడా?" నోరు మూయించే సమాధానం నా నాలుకమీదికి వచ్చింది. సమాధానం మాత్రం దొరకలేదు. తీర్థమిచ్చి పంపాను. ఆ ప్రశ్న ఇంకా నాతోనే ఉన్నది.

అందుచేత ఆ ధర్మాధ్యక్షుల వేదన నాకు తెలుసు. అర్చకుని దోషాన్ని చూపే గ్రంథం అర్చకునికి కటువు. ఐనా దానిని మొదట చదువవలసినవాడు అర్చకుడే. శాసనం ఆజ్ఞాపించినందున కాదు, స్వధర్మం ఆజ్ఞాపించినందున.

స్వస్తి.